మెట్ట మీది ఇల్లు: ఉత్తరాంధ్ర కొండవాలు ఎవరి పేరున ఉంది?

శ్రీకాకుళం నుంచో విజయనగరం నుంచో ఉద్యోగానికని విశాఖ చేరిన కుటుంబం నాలుగు డబ్బులు కూడాక సొంతింటి కోసం వెతకడం మొదలుపెడుతుంది. ఆ వెతుకులాట చాలాసార్లు ఏదో ఒక కొండ కింద ఆగుతుంది. అడవివరం, వేపగుంట, గోపాలపట్నం, పెందుర్తి, ఆనందపురం. ఊరి హోరుకు కాస్త ఎడంగా, వెనక పచ్చటి కొండ, ముందు కొత్త సిమెంటు రోడ్డు, నడిబొడ్డు కంటే తక్కువగా గజం ధర. మధ్యవర్తి గాలి గురించి, వెలుతురు గురించి, రాబోయే రోడ్డు గురించి చెబుతూ పోతాడు. కొనడానికి వచ్చినవాళ్ళలో పెద్దవాళ్ళు మాత్రం రెండు సంగతులు తేల్చమంటారు. నీళ్ళెక్కడివి? కాగితం ఎవరి పేరున ఉంది?

ఉత్తరాంధ్రలో కొండవార ఇంటి చరిత్రంతా ఈ రెండు ప్రశ్నల చుట్టూనే తిరిగింది. భిక్షువులు, రాజులు, తెల్లదొరలు, దేవుడు, గిరిజనులు, ఫ్యాక్టరీ కార్మికులు, అందరూ ఏదో ఒక కాలంలో ఇక్కడి వాలు నేల మీద హక్కుదారులుగానో నివాసులుగానో నిలబడ్డారు. ఇవాళ ఎవరో దంపతులు రెండు వందల గజాల స్థలానికి అడ్వాన్సు ఇచ్చేటప్పుడు ఆ చరిత్రలో ఒక ముక్కను కూడా కొంటున్నారు. అది తెలిసి కొనేవాళ్ళు తక్కువ.

మొదట కొండెక్కి కాపురం పెట్టినవాళ్ళు సంసారులు కారు, సన్యాసులు. శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఒడ్డున, కళింగపట్నం రేవుకు దగ్గర్లో శాలిహుండం కొండ ఉంది. దాని మీది బౌద్ధ శిథిలాలను 1919లో వెలుగులోకి తెచ్చినవారు గిడుగు వెంకట రామమూర్తి. వాడుక భాష కోసం, సవర భాష కోసం జీవితం ధారపోసిన గిడుగువారి పేరు ఈ కొండతో కూడా ముడిపడి ఉంది. తర్వాత జరిగిన తవ్వకాల్లో అక్కడ స్తూపాలు, చైత్యాలు, విహారాల పునాదులు బయటపడ్డాయి. భిక్షువులు చోటు ఎంచుకున్న తీరు గమనించదగ్గది. భిక్షకు వెళ్ళడానికి ఊరు, దానం చేయడానికి వర్తకులుండే రేవు నడిచిపోయేంత దూరంలో ఉండాలి. ధ్యానానికి భంగం కలిగేంత దగ్గరగా ఉండకూడదు. ఊరికి కొసన ఉండే నిశ్శబ్దమైన ఇంటి కోసం వెతికేవాళ్ళు ఇప్పుడూ ఇదే కోరుకుంటారు.

విజయనగరం దగ్గర రామతీర్థంలో గురుభక్తులకొండ, భీమిలి దారిలో తొట్లకొండ, బావికొండ కూడా అలాంటివే. ఈ కొండల మీద నేటికీ చూపరులను ఆపేసేవి స్తూపాల కంటే నీటి ఏర్పాట్లు. తొట్లకొండ మీద రాతిని తొలిచి చేసిన నీటితొట్లు వరసగా ఉన్నాయి. వాన పడిన రోజుల్లో నిండి, ఎండలు ముదిరేదాకా ఆదుకునేట్టు వాటిని తొలిచారు. కొండ మీద నేల దొరకడం తేలిక, నీరు నిలవడం కష్టం. అందుకని ముందు నీటికి చోటు చేసి, ఆ తర్వాత మనుషులకు గదులు కట్టారు.

రెండో ప్రశ్న, అంటే కాగితం, రాగిరేకు రూపంలో మొదలైంది. ఇప్పటి ముఖలింగమే ఆనాటి కళింగనగరమని, తూర్పు గాంగుల రాజధాని అని చరిత్రకారులు చెబుతారు. ఆ రాజులు ఇచ్చిన భూదానాల తామ్రశాసనాలు ఉత్తరాంధ్రలో పెద్దసంఖ్యలో దొరికాయి. ఎవరు ఇచ్చారు, ఎవరికి ఇచ్చారు అన్నదానితోపాటు నాలుగు వైపుల హద్దులూ వాటిలో చెక్కి ఉంటాయి. ఆ హద్దుల్లో చెట్లుంటాయి, పుట్టలుంటాయి, చెరువులు, వాగులు, కొండలు ఉంటాయి. నేటి క్రయ దస్తావేజు చివర ఉండే చెక్కుబందీకి అవి ముత్తాతలు. అయితే ఆ శాసనాల్లో కొండ ఎక్కువగా హద్దుగానే నిలిచింది. దున్నేది, పన్ను కట్టేది, పంచుకునేది కొండ కింది నేల.

సామాన్య జనం కొండకు దూరంగానే బతికారు. ఉత్తరాంధ్ర పల్లె అంటే చెరువు గట్టు, దాని కింద వరి మడి, పొడుగాటి వీధికి రెండు వైపులా గోడకు గోడ ఆనించి కట్టిన ఇళ్ళ వరస. తీరం వెంట పేదలకు చుట్టిల్లు ఉండేది. గుండ్రటి మట్టిగోడ, కిందికి వంగిన తాటాకు కప్పు. గాలి ఏ మూలా పట్టుకోవడానికి లేకుండా కట్టిన ఆ ఇల్లు తుపానుకు తట్టుకునేది. కొండ మాత్రం పశువుల మేతకు, వంటచెరకుకు, అమ్మవారి జాతరకు. అక్కడ రాత్రి ఉండేది పశుల కాపరులూ దేవుడూ మాత్రమే.

1713లో పూసపాటి విజయరామరాజు విజయనగరం కోట కట్టించినప్పుడు కూడా కొండ శిఖరం ఎంచుకోలేదు. అంతకుముందు పూసపాటివారి నివాసం కుమిలిలో ఉండేది. మహబూబ్ వలీ అనే ఫకీరు ఈ చోటు చూపించాడని స్థానిక ఐతిహ్యం. చతురస్రంగా కట్టిన రాతికోట, చుట్టూ కందకం, దాని చుట్టూ పేటలు. కోటకు దగ్గర్లో ఉండడమంటే పదవికి దగ్గర్లో ఉండడం. సంగీత విద్వాంసులు, పండితులు, నేతగాళ్ళు, కంసాలులు ఒక్కొక్కరూ ఒక్కో వీధిలో స్థిరపడ్డారు. ఇల్లు అమ్ముడుపోయేది తక్కువ, తండ్రి నుంచి కొడుక్కి దక్కేది ఎక్కువ. ఊరి బయట గాలి కోసం ఇల్లు కట్టుకోవాలన్న ఆలోచన అప్పటికి పట్టణవాసికి రాలేదు.

ఆ ఆలోచన సైన్యంతో వచ్చింది. 1794 జులై 10న పద్మనాభం దగ్గర జరిగిన యుద్ధంలో చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సేనల చేతిలో మరణించాక, విజయనగరం సంస్థానం కంపెనీ అదుపులోకి వెళ్ళింది. కోటకు సుమారు మైలు దూరంలో, మెల్లగా ఉత్తరానికి వాలిన నేల మీద సైనిక స్థావరం వెలిసింది. అదే కంటోన్మెంట్. కోటకూ దానికీ నడుమ ఏడాదంతా నీరుండే పెద్దచెరువు. 19వ శతాబ్దపు గెజెటీర్లు అక్కడ ఇరవై వరకు అధికారుల ఇళ్ళున్నాయని రాశాయి. ఆ కాలపు యూరోపియన్ వైద్యులు కిక్కిరిసిన పేటల గాలి, నిలవ నీటి గాలి జ్వరాలకు మూలమని నమ్మేవారు. అందుకే వాలు నేల, పొడి నేల, గాలాడే మెట్ట వెతికేవారు. దోమ సంగతి అప్పటికి తెలియకపోయినా నీరు నిలవని వాలు ఆరోగ్యానికి మేలే చేసింది.

కంటోన్మెంట్ బంగళా ఈ ప్రాంతానికి కొత్త రకం ఇల్లు. వీధి వరసలో అరుగు మీద కూర్చుని దారినపోయేవాళ్ళను పలకరించే ఇంటికి ఇది పూర్తిగా వేరు. చుట్టూ ఆవరణ, నాలుగు వైపులా వరండా, గేటు నుంచి ఇంటిదాకా చెట్ల నీడన దారి, వెనక నౌకర్ల గదులు. ఇంటిని ఇరుగుపొరుగు నుంచి విడదీసి, చుట్టూ ఖాళీ నేల వదలడమే హోదా అయింది. సైన్యం పోయాక కూడా ఆ హోదా మిగిలింది. జిల్లా అధికారుల కార్యాలయాలు, పోలీసు శిక్షణ కళాశాల ఆ వైపే వచ్చాయి. విజయనగరంలో విశాలమైన స్థలంలో ఇల్లు అనగానే ఇప్పటికీ కంటోన్మెంట్ పేరు వినబడుతుంది.

విశాఖ పక్కన వాల్తేరు ఇదే కథను పెద్దగా చెప్పింది. పాత ఊరు రేవు దగ్గర, పల్లంలో, ఇరుకు వీధుల్లో ఉండేది. దానికి ఉత్తరాన ఎర్రమట్టి మెట్ట, మీద సముద్రపు గాలి. తెల్ల అధికారులు ఒక్కొక్కరే పాత ఊరు వదిలి ఈ మెట్ట మీద బంగళాలు కట్టుకున్నారు. 1883లో వాల్తేరు క్లబ్ మొదలైంది. చుట్టుపక్కల జమీందార్లూ వారి వెనకే వచ్చారు. జయపురం మహారాజులు సముద్రతీరాన హవామహల్ కట్టించుకున్నారు. 1926లో బెజవాడలో పుట్టిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1930లో ఈ మెట్ట మీదికి మారింది. ప్రొఫెసర్లు, వైద్యులు, న్యాయవాదులు ఆ చుట్టుపక్కల ఇళ్ళు కట్టుకున్నాక, ఎత్తున ఉండడం తెల్లవాళ్ళకే చెందిన సుఖంగా మిగల్లేదు. చదువుకున్న తెలుగు కుటుంబం కోరుకునే జీవితంలో అది భాగమైంది.

అదే ఊళ్ళో మరో వైపు కొండవాలు ఇంకో రకంగా నిండింది. రేవు, రైల్వే పనుల కోసం వచ్చిన కూలీలకు చదును నేల కొనే శక్తి లేదు. ఎవరూ అడగని బోడికొండల మీద మెట్లు చెక్కుకుంటూ గుడిసెలు వేసుకున్నారు. గాలి ఒక్కటే, సముద్రం ఒక్కటే. కానీ బంగళాకు పట్టా ఉంది, కుళాయి ఉంది. గుడిసెకు రెండూ లేవు. వాల్తేరు మెట్టకూ పోర్టు వెనక కొండవాలుకూ మధ్య తేడా అంతా ఆ రెంటిలో ఉంది.

ఇంతకీ కొండ ఎవరిది? ఈ ప్రశ్నకు సర్కారు జిల్లాల్లో 1802 నుంచి ఒక చట్టబద్ధమైన జవాబు ఉంది. ఆ ఏడాది వచ్చిన శాశ్వత శిస్తు నిర్ణయం ప్రకారం విజయనగరం సంస్థానం 24 పరగణాలు, 1,157 గ్రామాలతో, ఏటా కంపెనీకి కట్టే 5 లక్షల రూపాయల పేష్కష్‌కు ఖాయమైంది. ఊరితోపాటు ఊరి బంజరు, చెరువు, కొండ కూడా జమీందారీ లెక్కలోకి వెళ్ళాయి. రైతుకు సాగు చేసే మడి మీద హక్కు ఎంత, జమీందారుకు ఎంత అన్న తగువు నూరేళ్ళు నడిచి, 1908 మద్రాసు ఎస్టేట్ల భూమి చట్టంతో రైతుకు కొంత స్థిరమైన అనుభవ హక్కు దక్కింది. అయితే ఆ చట్టం చూసింది సాగు నేలను. రాళ్ళు, పొదలు ఉన్న వాలు నేల గురించి అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు, దానికి ధర లేదు గనక.

స్వాతంత్ర్యం వచ్చాక 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలు పోయాయి. ఎస్టేటు నేల ప్రభుత్వం చేతికి వచ్చి, సాగుదార్లకు, వాళ్ళే నేరుగా ప్రభుత్వానికి శిస్తు కట్టే రైత్వారీ పట్టాలు ఇచ్చే పని మొదలైంది. ఆలయాలకు, సేవకులకు ఇచ్చిన ఇనాము భూముల కోసం 1956లో మరో చట్టం వచ్చింది. ఈ పట్టాల పని గ్రామం వెంట గ్రామంగా, దశాబ్దాలపాటు సాగింది. ఆ సాగిన కాలంలోనే ఊళ్ళు పెరిగాయి, పొలాలు స్థలాలయ్యాయి. రికార్డు తేలకముందే ఇల్లు లేచింది.

ఇంకో కొండ ఉంది, దాని నియమం వేరు. పార్వతీపురం, సీతంపేట, సాలూరు వైపు కొండలు సవర, జాతాపు, కొండదొర ప్రజలవి. మైదానం నుంచి వచ్చిన షావుకార్లు అప్పు పేరుతో గిరిజనుల భూములు లాక్కుంటున్నారని 1917లోనే మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ భూముల బదిలీని కట్టడి చేసే చట్టం తెచ్చింది. 1959లో ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డ్ ప్రాంతాల భూబదిలీ నిబంధన వచ్చింది. శ్రీకాకుళం గిరిజన పోరాటం మండుతున్న రోజుల్లో, 1970లో, దానికి చేసిన సవరణే జనం నోట్లో ‘వన్ ఆఫ్ సెవెంటీ’గా నానుతున్నది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుడు గిరిజనేతరుడి నుంచి కొన్నా ఆ కొనుగోలు చెల్లదు. 1997లో అనంతగిరి గనుల వ్యవహారంలో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు ఈ రక్షణను ఇంకా గట్టిపరిచింది. అరకు దారిలో ఎవరైనా చల్లటి కొండ మీద విడిది ఇంటి స్థలం చూపిస్తే, మైదానపు కుటుంబం అక్కడే వెనక్కి తిరగాలి. ఆ గీత న్యాయంగా గీసిన గీత. దాని వెనక భూమి పోగొట్టుకున్న తరాలున్నాయి.

అటు వెళ్ళే దారి లేనప్పుడు, ఇటు విశాఖ చుట్టూ కొండవార నేలకు గిరాకీ పెరిగింది. 1941 జూన్ 21న నౌకానిర్మాణ కేంద్రానికి బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. 1948లో అక్కడ కట్టిన ‘జల ఉష’ ఓడ నీటిలోకి దిగింది. 1957లో చమురు శుద్ధి కర్మాగారం, 1960ల్లో భారీ ప్లేట్ల కర్మాగారం, 1971 జనవరి 20న ఉక్కు కర్మాగారానికి ఇందిరాగాంధీ శంకుస్థాపన. ఒక్కో ఫ్యాక్టరీ వెనక వేల కుటుంబాలు కదిలాయి. వాటిలో శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వచ్చినవి ఎన్నో. అంతకుముందు ఈ పల్లెల మనుషులు ఓడెక్కి రంగూన్ వెళ్ళేవారు. బర్మాలో పరిస్థితి చెడి తిరిగివచ్చిన కుటుంబాల గుర్తుగా కంచరపాలెం దగ్గర బర్మా క్యాంప్ ఇంకా ఉంది. రంగూన్ దారి మూసుకుపోయాక, వలస దారి విశాఖ వైపు తిరిగింది.

ఈ కుటుంబాలకు ఊళ్ళో కాస్త పొలం ఉండేది. దాన్ని వాళ్ళు ఎకరాల్లో, సెంట్లలో కొలిచేవారు. నగరంలో నేల గజాల్లోకి దిగింది. ఊళ్ళో ఒక మడి అమ్మి, ప్రావిడెంటు ఫండు అప్పు తీసి, ఇల్లాలి మెడలో పుస్తెలతాడు తప్ప మిగతా బంగారం తాకట్టు పెట్టి కొన్న వంద గజాల వెనక రెండు తరాల కష్టం ఉంటుంది. అలాంటి కుటుంబాలు ఎక్కువగా వెతికింది సింహాచలం కొండ చుట్టూ. ఫ్యాక్టరీ బస్సు అందే దూరం, తక్కువ ధర, వెనక అప్పన్న దేవుడి కొండ. ఉత్తరాంధ్రలో అప్పన్న, అప్పలరాజు, అప్పలనరసమ్మ, సింహాచలం అని పేర్లు లేని వీధి ఉండదు. ఆ దేవుడి నీడలో ఇల్లు దొరకడం భాగ్యమనే వాళ్ళు అనుకున్నారు.

ఆ దేవుడే వాళ్ళ నేలకు హక్కుదారుడని తేలడం ఈ చరిత్రలో అన్నిటికంటే బరువైన అధ్యాయం.

సింహాచలం ఆలయంలో 11వ శతాబ్దం చివరి నుంచి శాసనాలున్నాయి. 13వ శతాబ్దంలో తూర్పు గాంగ నరసింహదేవుడి కాలంలో ఆలయం ఇప్పటి రూపం తెచ్చుకుంది. 1516లో శ్రీకృష్ణదేవరాయలు వచ్చి కానుకలు సమర్పించాడు. తర్వాతి శతాబ్దాల్లో విజయనగరం పూసపాటి గజపతులు వంశపారంపర్య ధర్మకర్తలయ్యారు. నేటికీ ఆ వంశానికే ఆ స్థానం. దీపానికి, నైవేద్యానికి, ఉత్సవాలకు, కొండ చుట్టూ తోటలకు సంస్థానం గ్రామాలను, భూములను దేవుడికి ఇచ్చింది. కొండ మీద అనాస, పనస, సంపెంగ తోటలు పెరిగాయి. 20వ శతాబ్దం తొలి ఏళ్ళ గిల్‌మన్ సర్వే రికార్డుల్లో ఈ భూముల వివరాలు నమోదయ్యాయి.

అడవివరం, వేపగుంట, చీమలాపల్లి, పురుషోత్తపురం, వెంకటాపురం. ఈ ఐదింటినీ కలిపి జనం పంచగ్రామాలంటారు. వీటిలో 9 వేల ఎకరాలకు పైగా దేవస్థానానివి. కానీ అక్కడ తాతల కాలం నుంచి సాగు చేస్తున్న రైతులున్నారు, వాళ్ళ చేతిలో శిస్తు రశీదులున్నాయి. ఇనాము రద్దు చట్టం కింద పట్టా ఎవరికి రావాలన్న విచారణ ఏళ్ళ తరబడి నడుస్తుండగా, ఆ రైతుల దగ్గర ఫ్యాక్టరీ కార్మికులు చిన్న చిన్న స్థలాలు కొన్నారు. పెంకుటిళ్ళు డాబాలయ్యాయి, డాబాల మీద అంతస్తులు లేచాయి. కరెంటు వచ్చింది, రోడ్డు వచ్చింది, ఇంటి పన్ను రశీదు వచ్చింది. 1996లో ఆ భూములకు రైత్వారీ పట్టా దేవస్థానం పేరున వచ్చింది. ఒక్క ఉత్తర్వుతో వేల ఇళ్ళు పరాయి నేల మీద నిలబడ్డాయి.

రిజిస్ట్రేషన్లు ఆగిపోయాయి. బ్యాంకు అప్పు ఇవ్వదు. కొత్త గది వేయాలన్నా, కురుస్తున్న కప్పు బాగుచేయాలన్నా దేవస్థానం సిబ్బందితో తగువు. అమ్ముకోవలసి వస్తే సాదా కాగితం మీద, నోటరీ ముద్ర మీద, సగం ధరకు. ఆడపిల్ల పెళ్ళికి ఇల్లు అమ్ముదామని దాచుకున్న కుటుంబానికి ఆ ఇల్లు ఉండీ లేనట్టయింది. 2000లో ప్రభుత్వం 578వ నంబరు జీవోతో క్రమబద్ధీకరణకు దారి చూపింది గాని, కోర్టు వ్యాజ్యాలతో అది గమ్యం చేరలేదు. 2019లో శాసనసభ ప్రత్యేక చట్టం చేసింది, దాని మీదా హైకోర్టులో పిటిషన్లు పడి అమలు నిలిచింది. ప్రభుత్వ లెక్కల్లో ఈ వివాదంలో ఉన్న ఇళ్ళు 12 వేల పైచిలుకు. ఇళ్ళున్న నేలకు బదులుగా దేవస్థానానికి అంతే విలువైన భూమి వేరేచోట ఇచ్చే ప్రతిపాదనను 2025లో ప్రభుత్వం ముందుకు తెచ్చింది.

ఇందులో దేవుడి హక్కు చిన్నది కాదు. శతాబ్దాల పాటు దాతలు నమ్మి ఇచ్చిన ఆస్తిని కాపాడడం ధర్మకర్తల విధి. ఇల్లు కట్టుకున్నవాళ్ళ కష్టమూ చిన్నది కాదు. వాళ్ళలో ఎక్కువమంది దేవుడి నేల ఆక్రమించాలని వచ్చినవాళ్ళు కారు, రికార్డు చూడడం తెలియక, చూపించేవాళ్ళు లేక డబ్బు పోసినవాళ్ళు. రైత్వారీ పట్టా పని 1950ల్లోనే చకచకా పూర్తయి ఉంటే ఈ రెండు హక్కులూ ఒకదాని మీద ఒకటి పడేవి కావు. ఆలస్యం చేసింది ప్రభుత్వ యంత్రాంగం, ఫలితం అనుభవిస్తున్నది ఇంటి యజమాని.

కాగితం తర్వాత నీరు. ఈ కొండలు చాలావరకు ఖొండలైట్ రాతివి. తూర్పు కనుమల్లోని ఖోండు ప్రజల పేరు మీద 1902లో వాకర్ అనే భూశాస్త్రవేత్త ఆ రాతికి పేరు పెట్టాడు. ఎండకూ వానకూ అది మెత్తబడి ఎర్రమట్టిగా మారుతుంది. పైన చెట్లూ పొదలూ ఉన్నంతకాలం ఆ మట్టి నిలుస్తుంది, వాననీరు పగుళ్ళలోకి ఇంకుతుంది. వాలును కోసి చదును చేస్తే మట్టి జారుతుంది. సింహాచలం కొండల నీరు పట్టి కట్టిన ముడసర్లోవ జలాశయమే 20వ శతాబ్దం మొదట్లో విశాఖకు మంచినీళ్ళిచ్చింది. కొండ అటువైపు నీళ్ళు మేఘాద్రిగెడ్డకు చేరతాయి. నగరం తాగిన నీళ్ళు కొండ ఇచ్చినవే.

కొండ నుంచి దిగే వాగును ఇక్కడివాళ్ళు గెడ్డ అంటారు. ఏడాదిలో ఎక్కువ నెలలు గెడ్డ ఎండి ఉంటుంది. చూడడానికి పల్లంగా ఉన్న ఇసుక దారి, అంతే. వేసవిలో స్థలం చూడ్డానికి వెళ్ళిన కుటుంబానికి అది గెడ్డ అని తెలియదు. దాని మీద మట్టి పోసి లేఅవుట్ గీస్తే ఆ గెడ్డ దారి కనబడదు. అక్టోబరులో బంగాళాఖాతంలో వాయుగుండం పట్టినప్పుడు గెడ్డ తన దారికి తాను వస్తుంది. పాత రైతులు ఏ పక్క నుంచి నీరు దిగుతుందో కొలిచినట్టు చెప్పగలరు. స్థలం కొనేవాళ్ళు వాళ్ళను అడగడం అరుదు.

నదీ తీరం వదిలి మెట్ట ఎక్కితే నీటి భయం పోతుందని శ్రీకాకుళం మనుషులు అనుకోవడంలో అర్థం ఉంది. నాగావళి, వంశధార వరదలు వాళ్ళకు తరతరాల జ్ఞాపకం. 1876 వరదలో శ్రీకాకుళం దగ్గర నాగావళి వంతెన కమానులే కొన్ని కొట్టుకుపోయాయి. కానీ మెట్టకు దాని ప్రమాదం దానికుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు కైలాసగిరి, సింహాచలం కొండల చెట్లు పడిపోయి, పచ్చటి వాలు ఒక్క రోజులో ఎర్రగా మారింది. రేకుల కప్పులు ఎగిరిపోయాయి. గాలి కోసం ఎత్తుకు వెళ్ళిన ఇంటికే గాలి మొదట తగిలింది. ఇప్పుడు పెద్ద వాన సూచన ఉన్నప్పుడల్లా అధికారులు కొండవాలు వాసులను ఖాళీ చేయమని హెచ్చరిస్తారు. గోడ కూలి ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి.

1978లో విశాఖ పట్టణాభివృద్ధి సంస్థ ఏర్పడ్డాక లేఅవుట్‌కు రోడ్డు వెడల్పు, ఖాళీ స్థలం, మురుగు కాలువ అనే నియమాలు వచ్చాయి. 2018లో అది మహానగర ప్రాంతాభివృద్ధి సంస్థగా మారింది. 2016 రెరా చట్టంతో నమోదు లేని పెద్ద ప్రాజెక్టు అమ్మకం నేరమైంది. 2007 సవరణతో రిజిస్ట్రేషన్ చట్టంలో 22-ఎ సెక్షన్ కింద ప్రభుత్వ, దేవాదాయ భూముల నిషేధ జాబితా సబ్‌రిజిస్ట్రార్ ముందుకు వచ్చింది. పేదలకు ఇచ్చిన డి-పట్టా భూముల అమ్మకాన్ని 1977 చట్టం అంతకుముందే నిషేధించింది. ఒకప్పుడు ఊరి కరణానికి మాత్రమే తెలిసిన సంగతులు ఇప్పుడు సర్వే నంబరు తెలిస్తే ఎవరైనా చూడగలరు. ఈసీ (లావాదేవీల ధ్రువపత్రం) తీస్తే 1983 తర్వాతి లావాదేవీలు కంప్యూటర్‌లో దొరుకుతాయి. అంతకుముందువి కావాలంటే లింకు డాక్యుమెంట్లు అడిగి, పాత అడంగల్ (గ్రామ సాగు లెక్క) తీయించాలి. ఎస్టేటు నేలా, ఇనాము నేలా, కొండ పోరంబోకా అన్నది తేలేది ఆ పాత పుటల్లోనే.

ఇప్పుడు గిరాకీ మళ్ళీ ఉత్తరానికి, విజయనగరం జిల్లా వైపు తిరిగింది. 2023 మే 3న భోగాపురం విమానాశ్రయానికి శంకుస్థాపన జరిగాక, తగరపువలస నుంచి డెంకాడ దాకా జీడితోటల మధ్య లేఅవుట్ జెండాలు లేచాయి. విజయనగరంలోనూ పాత మెట్టలకు ధర వచ్చింది. ఖాదర్ బాబా దర్గా ఉన్న బాబామెట్ట, కంటోన్మెంట్ చుట్టుపక్కల వీధులు ప్రశాంతంగా ఉండాలనుకునే విశ్రాంత ఉద్యోగులను పిలుస్తున్నాయి. ఈ జిల్లా నేలకు ఇంకో రకం వారసత్వం కూడా ఉంది. పూసపాటి వంశానికి చెందిన పి.వి.జి. రాజు 1958లో మాన్సాస్ ట్రస్టు పెట్టి కోటను, భూములను చదువుకు అప్పగించారు. కోరుకొండ భవనంలో 1962లో సైనిక పాఠశాల మొదలైంది. ఎస్టేటు ఆస్తుల్లో కొన్ని ట్రస్టుకు, కొన్ని ఆలయాలకు, కొన్ని రైతులకు, కొన్ని ప్రభుత్వానికి వెళ్ళాయి. ఏ సర్వే నంబరు ఎటు వెళ్ళిందో చూసుకోకుండా ఇక్కడ మెట్ట స్థలం కొనడం పంచగ్రామాల కథను రెండోసారి మొదలుపెట్టడమే.

అది జరగకుండా ఆపడం కష్టమైన పని కాదు. ప్రతి లేఅవుట్ అనుమతి పటం మీద పాత ఎస్టేటు గ్రామపటంలోని గెడ్డ గీతలు, ఆలయ భూముల హద్దులు, అటవీ హద్దు వేరే రంగులో ముద్రించి, సైటు దగ్గర తెలుగులో బోర్డు పెట్టాలన్న నియమం ఒక్కటి చాలు. భోగాపురం చుట్టూ ఆ పని ఇప్పుడే చేయవచ్చు, ఇళ్ళు ఇంకా లేవలేదు కాబట్టి. పంచగ్రామాల్లో మాత్రం ఇళ్ళు లేచి రెండు తరాలైంది. దేవస్థానానికి సమాన విలువ గల భూమి, ఇంటి యజమానికి రిజిస్టరయిన పట్టా, రెండూ ఒకే రోజున అందేలా ఆ కేసు ముగియాలి. మొదటి తరంలో కొన్న కార్మికులు చాలామంది ఉద్యోగ విరమణ చేసి ఆ ఇళ్ళలోనే ఉన్నారు. పట్టా వాళ్ళ చేతికే అందాలి.